బాతు గుడ్ల చివరి వారం

ఇరవై రెండో రోజు పొద్దున నల్లకోడి గుడ్ల మీద నుంచి లేచి, మూడు పిల్లలను వెంటేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. గంపలో ఊక మీద ఐదు బాతు గుడ్లు మిగిలాయి. వాటికి ఇంకో వారం వెచ్చదనం కావాలి.

తప్పు నాదే. కోడి గుడ్డుకు ఇరవై ఒక్క రోజులు, బాతు గుడ్డుకు ఇరవై ఎనిమిది. నాకు తెలియక కాదు, ప్రతి గుడ్డు మీదా పెన్సిల్‌తో తేదీ కూడా రాశాను. కానీ కోడి చేత అన్నీ పరాయి గుడ్లే పొదిగించడం న్యాయం కాదనిపించి, దాని గుడ్లు మూడు కూడా అదే రోజు పెట్టాను. దాని పిల్లలు దానికీ ఉండాలి కదా అనుకున్నాను. ఆ మూడింటినీ వారం ఆగి పెట్టి ఉంటే అన్నీ ఒకేసారి బయటికొచ్చేవి. పిల్లలు కళ్ళముందు తిరుగుతుంటే ఏ కోడి మాత్రం కదలని గుడ్ల దగ్గర కూర్చుంటుంది?

మా ఇల్లు కొండాపూర్‌లో పాత ఊరి సందులో ఉంది. వెనక ఇరవై అంతస్తుల అద్దాల ఆఫీసు. పొద్దున సూర్యుడు తూర్పున లేవగానే ఆ అద్దాల్లో పడమటి వైపున కూడా ఒకడు లేస్తాడు. అప్పుడు మా పెరట్లో కోళ్ళకి రెండేసి నీడలు పడతాయి. ఒకటి ముదురుగా, ఒకటి పలచగా. అవి ఉన్నంతసేపూ పెరడంతా నీళ్ళలో ఉన్నట్టుంటుంది.

ఆ వెలుగులోనే, నెల కిందట ఒక పొద్దున, మా బాతుల జంటలో ఆడదాని ఈకలు చెల్లాచెదురుగా పడి ఉండడం చూశాను. గూటి తలుపు తెరిచి ఉంది. ముంగిస పనో, కుక్క పనో తెలియదు. మా ఆయన రవికిరణ్ గడియ పట్టుకు చూసి, "వదులైపోయింది" అని ఆ సాయంత్రమే కొత్తది తెచ్చి బిగించాడు. వదులు కాదని నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం తలుపు దగ్గరికి వేసి, ఫోన్ మోగితే లోపలికి వెళ్ళి, మళ్ళీ గడియ పెట్టడానికి రాలేదు నేను. స్పూన్లు కూడా సైజు వారీగా సర్దుకునే మనిషిని. గడియ మర్చిపోయాను.

వంటింటి గట్టు మీద బుట్టలో అది చివరగా పెట్టిన ఐదు గుడ్లున్నాయి. వాటినే నల్లకోడి కింద పెట్టాను. మగబాతు ఒంటరిదైపోయింది. మగబాతులకు గొంతు ఉండదు, జలుబు చేసిన మనిషిలా బొంగురుగా గుసగుసలాడతాయి. అది గూటి చుట్టూ తిరుగుతూ రోజంతా అలా గుసగుసలాడేది. ఆ గుడ్లలో ఒక్కటైనా పిల్ల కావాలి. నాకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

గంప ముందు కూర్చుని ఉంటే, ప్రహరీ మీంచి పక్కింటి లక్ష్మమ్మగారి తల కనిపించింది. ఈ టవర్లేవీ లేనప్పటి నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నారావిడ. నల్లకోడిని నాకిచ్చింది కూడా ఆవిడే.

"ఏందే బిడ్డా, పొద్దుగాల్నే గంప ముందట గట్ల కూసున్నవ్?"

"కోడి లేచిపోయింది పెద్దమ్మా."

"లేస్తది. దాని పిల్లలు దానికొచ్చినయ్, ఇగ దానికేం పని? బాతు గుడ్లు వెట్టి దాన్ని పరేషాన్ జేస్తివి."

"పిల్లల్ని రెండు రోజులు దాచిపెడితే మళ్ళీ కూర్చుంటుందేమో?"

"నీ పిల్లను దాపెట్టి నిన్ను కూసోమంటె కూసుంటవా?"

అయినా దాచాను. పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి లోపలికి తీసుకెళ్ళాను. నల్లకోడి ఈకలన్నీ నిక్కబొడుచుకుని గోడ వెంబడి అటూ ఇటూ పరిగెత్తింది. గంప వైపు చూడనైనా లేదు. పది నిమిషాలు కూడా ఆగలేకపోయాను. పెట్టె తెచ్చి దాని ముందు వంచాను.

"పొదిగే కోడి మీ దగ్గర ఇంకోటి ఉందా?" అనడిగాను లక్ష్మమ్మగారిని.

"ఒక్కటి గూడ లేదు. వానలకు అన్ని ఈకలు రాల్చుకోని ముడుసుకుని కూసున్నయ్."

బాచుపల్లిలో ఓంకార్‌కి ఫోన్ చేశాను. పెరటి కోళ్ళు పెంచుకునేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పరిచయం. పగలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగు చేస్తాడు, సాయంత్రాలు మిద్దె మీద బాతులతో గడుపుతాడు. మా జంటను అతనే ఇచ్చాడు. గుడ్లు పొదిగించే మెషీన్ ఉంది అతని దగ్గర.

"మెషీన్ ఖరాబైంది మేడమ్. పోయినవారం ముప్పై గుడ్లు ఉడికిపోయినయ్. మా ఆవిడ నాతోటి మాట్లాడ్తలేదు."

"డబ్బాలో బల్బు పెడితే?"

"పెట్టొచ్చు. కానీ ముప్పై ఏడున్నర డిగ్రీలు దాటొద్దు, తగ్గొద్దు. మన ఒంటి వేడి ఎంతనో అంత. మీరే పొదగాలి ఇగ!" అని నవ్వాడు.

థర్మోకోల్ డబ్బాలో బల్బు పెట్టి గంటసేపు చూశాను. ముప్పై నాలుగు, నలభై ఒకటి, ముప్పై ఐదు. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. డబ్బా మూసేసి, గుడ్లు తీసుకుని స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఫోన్ లైటు మీద ఒక్కో గుడ్డూ ఆనించాను. రెండు నారింజ రంగులో ఖాళీగా వెలిగాయి, వాటిలో ఏమీ లేదు. మూడు మాత్రం నల్లగా, నిండుగా ఉన్నాయి. ఒకదాంట్లో నీడ కదిలింది, దుప్పటి కింద ఎవరో నిద్రలో ఒత్తిగిల్లినట్టు.

పాత నేతచీర చింపి, మూడు గుడ్లూ పొట్టకు ఆనేలా మడతల్లో పెట్టి, నడుముకి కట్టుకున్నాను. వెనక వరండాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఆ వారంలో మా ఇంట్లో పనులు జరిగాయి గానీ, నేను చేసినట్టు జరగలేదు. రవికిరణ్ ఇంటి నుంచే పనిచేస్తానని ఆఫీసులో చెప్పాడు. హెడ్‌సెట్ పెట్టుకుని వంటింట్లో తిరిగేవాడు.

"ప్రవీణా, పోపులో ముందు ఆవాలా జీలకర్రా?"

"ఆవాలండీ. చిటపటలాడాకే జీలకర్ర."

ఆవాలు చిటపటలాడాయి. తర్వాత, "మైకు ఆపలేదు. మేనేజర్ థాంక్స్ చెబుతున్నాడు నీకు."

గిన్నెలు బోర్లించకుండా పెట్టాడు. తడిగుడ్డ నేల మీదే వదిలేశాడు. మొదటి రెండు రోజులూ అవి చూస్తూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. మూడోరోజు నుంచి అవి కనిపించడం మానేశాయి.

వేరేవి కనిపించసాగాయి. అద్దాల్లో సూర్యుడు లేచి పన్నెండో అంతస్తు దాకా పాకి, మధ్యలో ఏదో కిటికీ తెరిచి ఉంటే అక్కడ ఒక్క క్షణం ఆరిపోయి, మళ్ళీ వెలిగేవాడు. పదకొండింటికి పెరటి నీడలు రెండూ ఒకటైపోయేవి. ఆ తర్వాత దూరంగా క్రేన్ ఒకటి ఎంతో తీరిగ్గా తిరిగేది, ఎవరినీ పిలవని చెయ్యిలా. వాన వస్తే అద్దాల మీద మబ్బులు కిందికి దిగేవి, మా జామచెట్టు పైకి లేచినట్టుండేది. ఉన్నచోటే ఉండి చూస్తే పెరడు ఇంత పెద్దదని నాకు తెలియదు. కోడికి తెలుసనుకుంటాను. ఇరవై ఒక్క రోజులు కళ్ళు సగం మూసుకుని అది చూసింది ఇదేనేమో.

రోజుకోసారి గోరువెచ్చటి నీళ్ళలో వేళ్ళు ముంచి గుడ్ల మీద చిలకరించేదాన్ని. తల్లి బాతయితే తడి రెక్కలతో తిరిగొచ్చి కూర్చుంటుందట, ఓంకార్ చెప్పాడు. నడవాలంటే రెండు చేతులూ పొట్ట కింద పెట్టుకుని నడిచేదాన్ని. రాత్రుళ్ళు గోడకు దిళ్ళు వేసుకుని కూర్చునే నిద్రపోయేదాన్ని.

లక్ష్మమ్మగారు రోజూ గోడ మీంచి చూసి, "ఎన్నో నెలనే?" అనేవారు. ఆవిడే నవ్వుకునేవారు.

నాలుగోరోజు మధ్యాహ్నం రవికిరణ్ పళ్ళెం తెచ్చి నా పక్కన స్టూలు మీద పెట్టాడు. పప్పు అడుగంటిన వాసన వస్తోంది. మగబాతు వచ్చి మెట్టు కింద నిలబడి గుసగుసలాడింది.

"ఆ గడియ వదులు కాలేదండీ," అన్నాను. "నేనే పెట్టలేదు."

ఆయన పళ్ళెంలోంచి రెండు మెతుకులు తీసి బాతుకు వేశాడు.

"తెలుసు. పాతది విప్పినప్పుడు చూశాగా, గట్టిగానే ఉంది."

"మరి కొత్తదెందుకు బిగించారు?"

"ఏదో ఒకటి చెయ్యాలి కదా ప్రవీణా." పళ్ళెం నా వైపు జరిపాడు. "తిను, మాడిన భాగం పక్కన పెట్టాను. అంటే, చాలావరకు పక్కన పెట్టాను."

ఇరవై ఏడో రోజు పొట్ట మీద గోటితో గీరినట్టనిపించింది. మొదట చీర మడత అనుకున్నాను. మళ్ళీ గీరింది. "ఎవరది?" అన్నాను, తలుపు తట్టిన వాళ్ళని అడిగినట్టే. లోపల నుంచి సన్నగా కీచుమంది. నేను మాట్లాడితే అది కీచుమనేది, నేనాపితే ఆపేది.

మర్నాడు పెంకు మీద బియ్యపు గింజంత పగులు. ఆ మర్నాడు మధ్యాహ్నానికి ఆ పగులు చుట్టూ తిరిగొచ్చి, పెంకు మూతలా లేచి, తడిసి ముద్దయిన పసుపురంగు పిల్ల నా ఒళ్ళో పడింది. ముక్కు చదునుగా ఉంది. పాదాల్లో వేళ్ళ మధ్య గొడుగుబట్ట లాంటి పొర. అంతా సరిగ్గా ఉందో లేదో రెండుసార్లు చూశాను.

మిగతా రెండు గుడ్లూ కదల్లేదు. మరో రోజు కట్టుకునే ఉన్నాను. తర్వాత లైటు మీద పెట్టి చూస్తే నీడలు నిలిచిపోయి ఉన్నాయి. లక్ష్మమ్మగారు గోడ మీంచి చెయ్యి చాచి, "గిటియ్యి, నేను పాతిపెడ్త," అని తీసుకున్నారు. అప్పుడావిడ నవ్వలేదు.

ఆ సాయంత్రం చీకటి పడబోతుండగా బాతుపిల్లను నల్లకోడి రెక్క కిందికి మెల్లగా తోశాను. మూడు పిల్లలతో పాటు నాలుగోది, చీకట్లో తెలియదనుకున్నాను. కోడి రెక్క ఎత్తి, వంగి చూసి, పిల్ల నెత్తిన టక్కున పొడిచింది. ఇంకోసారి పొడవబోతుంటే లాగేసుకున్నాను. దాని మీద కోపం రాలేదు. దాని వంతు రోజులు అది కూర్చుంది.

"అయిపాయె," అన్నారు లక్ష్మమ్మగారు. "ఇగ నువ్వే తల్లివి. ఫికర్ జెయ్యకు, బడికి పంపేది లేదు కద."

నేను కోళ్ళతో మాట్లాడే రకం కాదు. గింజలు వేస్తాను, నీళ్ళు మారుస్తాను, గూడు కడుగుతాను. కానీ ఈ పిల్ల నా గొంతు వినపడకపోతే ఒకటే కీచుమంటుంది, వినపడితే చాలు ఊరుకుంటుంది. మర్నాటి నుంచి ఏం మాట్లాడాలో తెలియక, చేస్తున్న పనులే చెప్పడం మొదలుపెట్టాను. "గిన్నెలు బోర్లిస్తున్నాను. ఈ పెద్దది అడుగున. పప్పు కడుగుతున్నాను, ఇది రెండో నీళ్ళు. ఆ తడిగుడ్డ అక్కడ ఉండకూడదు." అది నా మడమల వెనక టపటపమని నడుస్తూ అన్నీ వింటుంది.

పదింటికి దాన్ని పెరట్లోకి తీసుకెళ్ళాను. నీడలు రెండూ ఇంకా ఉన్నాయి. నా నీడలు రెండు, వాటి వెంట దాని నీడలు రెండు. మగబాతు పెరట్లో కట్టిన వల కంచె అవతల గడ్డిలో ఉంది. పిల్లను చూసి మెడ చాచింది, కానీ దగ్గరికి రాలేదు. మగబాతులు పిల్లల్ని పట్టించుకోవట, అది కూడా ఓంకారే చెప్పాడు. కాసేపు చూసి, తల తిప్పుకుని రెక్కలు దువ్వుకోవడంలో పడింది.

తిరిగి ఇంట్లోకి వస్తుంటే పిల్ల వరండా మెట్టు దగ్గర ఆగిపోయింది. మెట్టు దానికంటే మూడింతలు ఎత్తు. ఎత్తుకుని లోపల పెట్టేస్తే అయిపోయేది. కుక్కర్ పెట్టే వేళ కూడా దాటుతోంది. నేను మెట్టు మీదే కూర్చుని, సాయంత్రం కూరేం చెయ్యాలో దానికి చెప్పడం మొదలుపెట్టాను.