నా పొట్ట మీది పేర్లు

నేను ఒక ఇడ్లీ పాత్రను. అల్యూమినియం ఒళ్ళు, రెండు చెవులు, నెత్తిన చిల్లుల మూత. ఒక్క వాయికి నూట ఇరవై ఇడ్లీలు దించుతాను. గొప్పలు చెప్పుకుంటున్నాననుకోకండి. ఇంతకన్నా చిన్న పనులకే మనుషులు శాలువాలు కప్పించుకోవడం చూశాను.

రాజమండ్రిలో నన్ను కొట్టి గుండ్రంగా చేశారు. కాకినాడ బస్టాండు దగ్గర హోటలు నడిపే వీర్రాజు కొనుక్కుని పద్నాలుగేళ్ళు పొయ్యి మీదే ఉంచాడు. మోకాళ్ళు అరిగి ఆయన హోటలు మూసేశాక, సామాను అద్దెకిచ్చే షాపులో చేరాను. అక్కడినుంచి పెళ్ళిళ్ళకీ వెళ్ళాను, దినాలకీ వెళ్ళాను. రెండు చోట్లా చట్నీ పలచగా ఉందనే అనేవారు.

ఒక వేసవిలో ఒక కాలనీ వాళ్ళు నన్ను వరసగా మూడు ఆదివారాలు అద్దెకు తీసుకున్నారు. కాలనీ సంఘానికి అధ్యక్షుడు చలమయ్య గారు, రిటైరైన తహసీల్దారు. అమ్ముడుపోయి, విడుదలై వచ్చిన ఆడవాళ్ళకోసం ఊరి చివర ఒక ఆశ్రమం నడిపే ఎస్తేరమ్మ ఆయన దగ్గరకు వచ్చింది. తన దగ్గరున్న వీరవేణి సొంతంగా టిఫిన్ బండి పెట్టుకుంటానంటోందని, బండీ పొయ్యీ పాత్రలూ కావాలని అడిగింది.

వీరవేణిది గోదావరి మధ్య లంక గ్రామం. రొయ్యల కంపెనీలో పని ఇప్పిస్తానని నమ్మించి ఒక ఏజెంటు ఆమెను ఎక్కడో దూరపు నగరంలో అమ్మేశాడు. బయట గడియ పెట్టిన గదిలో రెండేళ్ళు ఉంది. పోలీసులు విడిపిస్తే వచ్చింది. ఇంతకుమించి నేను చెప్పను. ఆమె చెప్పుకోనిది చెప్పడానికి నేనెవర్ని?

కాలనీ వాళ్ళు కమ్యూనిటీ హాల్లో ఇడ్లీ మేళా పెట్టారు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కడగని మగవాళ్ళు నడుముకు తువ్వాళ్ళు చుట్టుకుని సాంబారు పోశారు. ఆడవాళ్ళు వంతులు వేసుకుని పప్పు రుబ్బారు. ఎవరి పిండి బాగా పులిసిందనే విషయంలో ఇద్దరు మాట్లాడుకోవడం మానేశారు కూడా. అయినా మూడు ఆదివారాలూ జనం విరగబడ్డారు. వచ్చిన డబ్బుతో బండి కొన్నారు, పొయ్యి కొన్నారు, అలవాటైన పాత్ర అని నన్నూ కొన్నారు.

అందరికీ ఒకటే వెలితి. వీరవేణి వేదిక ఎక్కదని, ఫొటో దిగదని ఎస్తేరమ్మ ముందే చెప్పేసింది. శాలువా లేదు, ఫొటో లేదు. చలమయ్య గారు ఒక రాత్రి ఆలోచించి, పాత్ర మీద పేర్లు చెక్కిద్దామన్నారు. ఉలితో చుక్క చుక్కగా చెక్కించారు. పైన పెద్ద అక్షరాల్లో ఆయన పేరు, కింద మేళాకి సరుకులిచ్చిన పదకొండు మంది దాతల పేర్లు, అట్టడుగున ‘అక్రమ రవాణా బాధిత మహిళకు బహూకరణ’ అని ఒక లైను. ఆ లైను పెడుతున్నప్పుడు ఎవరికీ అందులో తప్పు తోచలేదు. చెడ్డవాళ్ళు కారు. తమ పేర్లు చదువుకునే సంబరంలో ఉన్నారు, అంతే.

ఆసుపత్రి రోడ్డు మలుపులో వీరవేణి బండి పెట్టిన మొదటి రోజు, ఆమె నన్ను పొయ్యి మీదికెక్కించి అక్షరాలు బండి వెనకున్న గోడవైపు తిప్పింది. ఏడింటికి చలమయ్య గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి నాలుగిడ్లీలు తిన్నారు, మెత్తగా ఉన్నాయని మెచ్చుకున్నారు. కళ్ళు మాత్రం గోడమీదే. ఆమె చట్నీ బకెట్టు కోసం వంగినప్పుడు, ఆయన జేబురుమాలుతో నా చెవులు పట్టుకుని అక్షరాలు రోడ్డుకు కనబడేలా మెల్లగా ఇటు తిప్పారు.

ఇడ్లీకోసం ఎదురుచూస్తున్న ఆటో డ్రైవరు ఏమీ తోచక నన్ను పైకి చదవడం మొదలుపెట్టాడు. అధ్యక్షుల వారి పేరు వినబడగానే చలమయ్య గారు తృప్తిగా దగ్గారు. డ్రైవరు ఒక్కో పేరూ దిగుతున్నాడు. అప్పుడు ఆయన వీరవేణి ముఖం చూశారు. నేనూ చూశాను. బయట గడియ పడిన చప్పుడు విన్న మనిషి ముఖం అది. ఆమె గరిటె పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది.

డ్రైవరు చివరి లైనుకు వచ్చి “అక్ర...” అన్నాడో లేదో, చలమయ్య గారు మధ్యలోకి వచ్చి తన వీపు నాకు ఆనించి నిలబడ్డారు. కుతకుత ఉడుకుతున్నాను నేను. ఆయన కదల్లేదు. ఏ స్టాండులో ఉంటావు, పిల్లలెంతమంది, గ్యాసు ఎంతుందిప్పుడు అని డ్రైవరును కబుర్లలో దించి, అతను తిని వెళ్ళేదాకా అలాగే ఉన్నారు. నా జన్మలో నేను కాల్చిన తహసీల్దారు ఆయనొక్కరే.

బండి దగ్గర ఎవరూ లేనప్పుడు వీరవేణి నోరు విప్పింది.

“అయ్యగారండీ, ఈ వీధిలో నన్నెవరూ ఎరగరని వచ్చేనండి. గదిచ్చినావిడక్కూడా తెలీదు. మీ పేర్లుంటే నాకేం బాధ లేదండి. ఆ అడుగు లైను మాత్రం నాదండి. చెప్పుకుంటే నేనే చెప్పుకోవాలి, లేపోతే లేదు.”

ముప్పయ్యేళ్ళు జనం అర్జీలు కూర్చుని చదివిన మనిషి ఈ అర్జీ నిలబడి విన్నారు. బేరం అయ్యాక నన్ను ఇవ్వమని, సాయంత్రానికి తెచ్చేస్తానని అన్నారు.

పాలిష్ షాపువాడు కింది లైను ఒక్కటే తీసెయ్యాలా అని అడిగాడు. “మొత్తం తీసెయ్యవయ్యా,” అన్నారాయన. “పేర్లుంటే ఎందుకిచ్చేరని అడుగుతారు.” చక్రం నా పొట్ట మీద తిరుగుతుంటే ప్రాణం పోయినట్టయింది. ఆయన వీపు మంటకూడా తగ్గలేదనుకుంటాను, కుర్చీలో ఆనుకోకుండా కూర్చున్నారు. తమ పేర్లు పోయాయని కాలనీలో కొందరు సణిగారట. ఆయన చొక్కా ఎత్తి బొబ్బ చూపించి, ఆ లైను ఎవరి కడుపు కొట్టబోయిందో చెప్పారట. తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇది జరిగి మూడేళ్ళయింది. బండికి రెండో పొయ్యి వచ్చింది. ఏటా మేళాకి నన్ను అద్దె లేకుండా పంపుతోంది వీరవేణి. తనూ వచ్చి పిండి కలుపుతుంది. ఆ డబ్బు ఆశ్రమంలోని మరొకరికి వెళ్తుంది. దాతల జాబితాలో ఆమె పేరు ఉండదు. ఆ మాటకొస్తే ఇప్పుడు జాబితాయే లేదు.

పేర్లు పోయిన చోట నా పొట్ట అద్దంలా నున్నగా మెరుస్తుంది. పొద్దున్నే ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు అందులో చూసుకుని క్రాపు సర్దుకుంటారు. చలమయ్య గారు రోజూ వచ్చి మీసం దువ్వుకునేదీ అక్కడే. మొన్న ఆ ఆటో డ్రైవరే వచ్చి, ఇక్కడేదో రాసుండాలి కదండీ అని అడిగాడు. నేను ఆవిరి బిగబట్టాను.

“మరకుండేదండి,” అన్నారు చలమయ్య గారు, మీసం మీంచి దువ్వెన తియ్యకుండా. “తోమించేసేం.”

వీరవేణి చేతిమీంచి ఆయన ప్లేటులో అడగని ఇడ్లీ ఒకటి వేడివేడిగా పడింది.