రెండు బొమ్మలూ కలవని కెమెరా

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు. పెదనాన్న, పెద్దమ్మ, పెద్దమ్మ తమ్ముడు స్ప్రింగు మామయ్య, ముందుగదిలో స్టూలు మీద కూర్చున్న టైలరమ్మ, వీళ్ళందరికీ మంచినీళ్ళు అందిస్తూ తిరుగుతున్న పిల్లి.

పిల్లి అంటే నాలుగు కాళ్ళది కాదు, పెద్దమ్మ చెల్లెలి కూతురు. పల్లెలో బడి చదువు ముగించుకుని, పైచదువుకని రెండేళ్ళ క్రితం ఈ ఇంటికి వచ్చింది. నడిస్తే చప్పుడుండదు, అడిగితే తప్ప నోరు విప్పదు. డైరీ మాత్రం పేజీలకు పేజీలు రాస్తుంది. స్ప్రింగు మామయ్య ఒకసారి సరదాగా పిలిచిన పేరు ఆమెకు అతుక్కుపోయింది. ఆయన పేరు కూడా అలా అతుక్కున్నదే. కెమెరాలు బాగుచేసే మనిషి కాబట్టి ఆయన ఏ జేబు దులిపినా ఒక స్ప్రింగు రాలుతుంది.

ముందుగది పెదనాన్న ఫొటో స్టూడియో. నడిమి గదిలో బల్ల మీద పాత దుప్పటి పరిచి, రెండు కెమెరా బాడీలు, మూడు లెన్సులు పెట్టారు. పెదనాన్న స్టూడియో మూసేస్తున్నాడు. రెండు నెలలుగా ఆయన తీసిన ముఖాలన్నీ మసకగా వస్తున్నాయి. కళ్ళ డాక్టరు పరీక్ష చేసి, కొత్త అద్దాలు రాసి, ఇంకేం తేడా లేదన్నాడు.

"ఆయనకేం తెలుసు? ఆయన ఫొటోలు తీస్తాడా?" అని పెదనాన్న కొట్టిపారేశాడు. "కన్ను పోయింది. నా కన్ను సంగతి నాకు తెలీదా?"

ఒక బాడీ, ఒక లెన్సు పిల్లికి. ఏవి కావాలో ఆమే ఎంచుకోవాలి. మిగిలినవి మామయ్య సంచీలోకి పోతాయి. ఆయన వాటిని విప్పి, విడిభాగాలుగా వాడుకుంటాడు.

"కానీయ్ కోడలా," అన్నాడు మామయ్య. "నువ్వు ఎంచుకునేలోపు నా గడ్డం నెరిసేలా ఉంది."

"నెరవడానికి ఇంకా ఏం మిగిలిందిరా?" అంది పెద్దమ్మ వంటింట్లోంచి.

ఒక బాడీ వెండి రంగుది. నిన్న అంగట్లో కొన్నట్టు మెరుస్తుంది. పెదనాన్న ఇరవై ఏళ్ళుగా ముఖాలు తీసేది దీంతోనే. రెండోది నల్లది. అంచుల్లో రంగు పోయి ఇత్తడి బయటపడింది, ఒక మూల సొట్ట. లెన్సుల్లో ముప్ఫై అయిదు మిల్లీమీటర్లది గుంపు ఫొటోలకు, యాభైది అన్నిటికీ, తొంభైది ముఖాలకు.

"వెండిది తీసుకో," అన్నాడు పెదనాన్న. "దానికి తొంభై తగిలించుకో. మంచి జత. నా మాట విను."

పిల్లి వెండిదాన్ని చేతిలోకి తీసుకుంది.

రెండు నెలల క్రితం అలమారా దులుపుతుంటే ఈ కెమెరానే తోలు సంచీలోంచి జారి నేల మీద పడింది. గదిలో ఎవరూ లేరు. తీసి చూస్తే ఎక్కడా గీత కూడా పడలేదు. మీట నొక్కితే టక్కుమంది. గుండె కుదుటపడి, తుడిచి, ఉన్నచోట పెట్టేసింది. ఆ రోజు డైరీలో ఒకటే వాక్యం రాసింది: కింద పడింది, ఎవరూ చూడలేదు.

మసక ఫొటోలు మొదలైంది ఆ వారంలోనే. పెదనాన్న ప్రింట్లు కడుగుతుంటే డార్క్‌రూములో గడియారం పట్టుకుని నిమిషాలు చెప్పే పని పిల్లిదే. కాబట్టి ప్రతి ఫొటో ఆమె కళ్ళముందే తేలేది. గుంపు ఫొటోలు బాగానే వస్తున్నాయి. ముఖాలే చెడుతున్నాయి. అదీ ఎలా పడితే అలా కాదు. ప్రతిసారీ కళ్ళు మసక, చెవి వెనక జుట్టు మాత్రం వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేలా. చూపు తప్పిన మనిషి గురి ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు పోవాలి గదా, ఎప్పుడూ ఒకే చోటికి ఎందుకు పోతుంది? ఆ ప్రశ్న కూడా డైరీలోనే ఉంది. బయటికి రాలేదు.

"నా ఫొటో సంగతి ఎవరైనా చూస్తారా?" ముందుగదిలోంచి టైలరమ్మ కేకేసింది. "సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కించుకుంటాను. మీ ఫొటోలో మాత్రం నా కళ్ళు ఉడకేసినట్టున్నాయి. పోయినసారీ అంతే, మొన్నా అంతే!"

పెదనాన్న తల దించుకున్నాడు. "మీ తప్పు కాదమ్మా, నాదే. ఇంకో స్టూడియోకి వెళ్ళండి," అన్నాడు.

ఆయన గొంతు అంత చిన్నగా పలకడం పిల్లి ఎప్పుడూ వినలేదు.

ఆమె వెండిదానికి యాభై లెన్సు తగిలించి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఈ రకం కెమెరాలో చూసేది లెన్సులోంచి కాదు, దాని పక్కన అద్దం బిగించిన చిన్న రంధ్రంలోంచి. నడిమధ్య ఒక పసుపుపచ్చ గడి ఉంటుంది. అందులో ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చి కూర్చుంటాయి. కూర్చుంటే గురి కుదిరినట్టు. పిల్లి లెన్సును దూరం వైపు ఇంక తిరగనంత వరకు తిప్పి, ఊరవతల ఉన్న ఫోన్ టవరును చూసింది. అంత దూరపు వస్తువుకు రెండు బొమ్మలూ కలిసిపోవాలి. కలవలేదు. ఒక టవరు పక్కన నీడలాగా ఇంకో టవరు.

అదే లెన్సు తీసి నల్లదానికి తగిలించి చూసింది. ఒకటే టవరు.

తప్పు లెన్సుది కాదు, బాడీది. పెదనాన్న కంటిది అసలే కాదు.

ఇప్పుడు నోరు మూసుకుని నల్లది చేతిలోకి తీసుకుంటే చాలు, అది ఆమెది. వెండిది మామయ్య విప్పేస్తాడు, పడిన సంగతి దాంతోపాటే పోతుంది. నిజం చెబితే స్టూడియో తెరిచే ఉంటుంది, కెమెరా చేతికి రాదు. ఇంకా ఏమేం పోతాయో తెలియదు.

"ఏంటే అంతసేపు చూస్తున్నావు, టవరు మీద ఎవరైనా ఎక్కారా?" అన్నాడు మామయ్య.

పిల్లి కెమెరా ముఖం మీంచి దించలేదు. ముఖానికి అడ్డం ఉంటే మాట రావడం కాస్త తేలికైంది.

"వెండిదాన్ని నేనే పడేశాను."

"ఏంటీ?" అన్నాడు పెదనాన్న.

"రెండు నెలలైంది. అలమారా దులుపుతుంటే పడిపోయింది. దాంట్లో రెండు బొమ్మలూ కలవట్లేదు. పెదనాన్నా, మీ కన్ను బాగానే ఉంది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. మామయ్య వెండిదాన్ని లాక్కుని, లెన్సు తగిలించి, కిటికీలోంచి చూశాడు. నల్లదాంతోనూ చూశాడు. మళ్ళీ వెండిదాంతో.

"బావా," అన్నాడు మెల్లిగా. "పిల్ల చెప్పింది నిజమే. లోపల బొమ్మల్ని కలిపే మీట పక్కకి జరిగింది. నేనైనా ఒకసారి చూసి చావాల్సింది. నువ్వు వాడేది కదా, బాగుంటుందిలే అనుకున్నాను."

పెదనాన్న పిల్లి వైపే చూస్తున్నాడు. "రెండు నెలలు నన్ను గుడ్డివాణ్ణి చేసి కూర్చోబెట్టావు కదే."

"పిల్ల మీద అరవకండి," అంటూ పెద్దమ్మ తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"నేనెక్కడ అరిచాను?"

నిజంగానే అరవలేదు. అరిస్తే బాగుండునని పిల్లికి అనిపించింది.

మామయ్య జేబులోంచి సన్నటి స్క్రూడ్రైవరు తీశాడు. "అయిదు నిమిషాల పని. ఇటివ్వు."

"ముట్టుకోకు," అన్నాడు పెదనాన్న. "ముందు నా కన్ను సంగతి తేలాలి."

రెండు బాడీల్లోనూ రీళ్ళు ఎక్కించాడు. ముందుగదిలోకి వెళ్ళి టైలరమ్మను దీపాల ముందు కూర్చోబెట్టాడు. తొంభై లెన్సు వెండిదానికి తగిలించి నాలుగు తీశాడు. అదే లెన్సు నల్లదానికి మార్చి, అక్కడే నిలబడి, ఇంకో నాలుగు తీశాడు.

"ఇన్నెందుకయ్యా, నాకేమైనా పెళ్ళి సంబంధం చూస్తున్నారా?" అంది టైలరమ్మ.

"కదలకండి."

తీయడం అయ్యాక బాడీలు రెండూ, లెన్సులు మూడూ తనే తుడిచి అలమారాలో పెట్టి తాళం వేశాడు.

మామయ్య ఖాళీ సంచీ మడతపెట్టి చంకలో పెట్టుకున్నాడు. "నాకూ లేదు, నీకూ లేదు కోడలా," అన్నాడు.

పిల్లి గోడ మేకుకి ఉన్న గడియారం తీసుకుని, ఎప్పటిలాగే పెదనాన్న వెనకే డార్క్‌రూము దాకా నడిచింది. ఆయన రెండు రీళ్ళూ గుప్పిట్లో పట్టుకుని గుమ్మం దాటి, వెనక్కి తిరిగాడు. చెయ్యి చాచి గడియారం తీసుకున్నాడు.

"నిమిషాలు నేను చెప్తాను పెదనాన్నా."

"వద్దు. ఇవాళ నేను లెక్కపెట్టుకుంటాను."

తలుపు మూశాడు. లోపల గడియ పడింది.