అంకె పడని కుంచం

"లాభం... లాభం... లాభం..." అంటూనే పరదేశి కుంచాన్ని మళ్లీ ధాన్యంలోకి దించాడు. కొలిచేవాడు మొదటి కుంచాన్ని ఒకటి అనడు, లాభం అంటాడు. తరువాతి కుంచం నింపి, అరచేత్తో అంచు చదును చేసి కుమ్మరించేదాకా పాత అంకెను నోట నిలుపుకుంటాడు. నోరు ఆగితే అంకె జారిపోతుంది.

చోడవరం శివారు కళ్లంలో ఆ ఉదయం కొలుస్తున్నది దయాసాగర్, దేవకుమార్ అన్నదమ్ముల ఉమ్మడి పంట. పొలం ఇంకా పంచుకోలేదు గాని, నిరుడు కాపురాలు వేరుపడ్డప్పటి నుంచి వారికి మాటలు లేవు. ఒకరి లెక్కను ఒకరు నమ్మరు. పరదేశి నోటిని ఇద్దరూ నమ్ముతారు. అందువల్లనే, ఊపిరాడక మంచం పట్టినవాడు కబురందగానే లేచి వచ్చాడు. కుంచం అంచుకు ఒరిసి ఒరిసి అతని కుడి అరచేతిలో గీతలు ఏనాడో చెరిగిపోయాయి.

విత్తనాలకు తీసిన చిన్న రాశి కొలవడం ముగిశాక పరదేశి అంబలి తాగుతూ కూర్చున్నాడు. అన్నదమ్ముల చెల్లెలు, వాల్తేరులో లెక్కలు చదువుతున్న రూతమ్మ అతని పక్కన చేరింది.

"పెద్ద రాశి ఎన్ని కుంచాలుంటాది తాతా?"

"నాను కొలవందే దానికి అంకెక్కడిదమ్మా?"

"అంకె ముందే ఉంటాది. నువ్వు కనుక్కుంటావంతే."

"ఏ గింజలో ఉంటాదో సూపించు."

"ఏ గింజలోనూ ఉండదు. కనపడదు. అయినా ఉంటాది."

"అచ్చం మీ దేముడి లాగే!" పరదేశి మూతి తుడుచుకుని నవ్వాడు. "మరైతే నాకీ గొంతు నొప్పెందుకు? ఆ రాశినే సెప్పమను."

పెద్ద రాశి దగ్గర మళ్లీ లాభంతో మొదలుపెట్టాడు. పొద్దెక్కేకొద్దీ కొలిచిన రాశి పెరిగింది, గొంతు తగ్గింది. వినడం కోసం అన్నదమ్ములు చెరో పక్క నుంచి దగ్గరకు జరిగారు. చివరకు పెదవులు మాత్రమే కదిలాయి. పరదేశి కుంచం నింపాడు, అంచు చదును చేశాడు, ఎత్తబోయి దాని మీద చేయి ఆన్చి తల వంచాడు. కునుకనుకున్నారు. రూతమ్మ అతని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, నోటికి పైట అడ్డం పెట్టుకుంది.

పరదేశి ఇంటివాళ్లు వచ్చి అతన్ని మోసుకుపోయారు.

"ఆకరికి నీకేటి వినపడిందిరా?" దయాసాగర్ తమ్ముణ్ని అడిగాడు. ఏడాదికి అదే మొదటి మాట.

"పెదాలు కదలడమే సూసేనన్నా."

రూతమ్మ రాశివైపు చూసింది. అంకె అక్కడ ఉన్నదనే ఆమె ఇంకా నమ్ముతున్నది. చెప్పే నోరే లేదు.

"మళ్లీ మొదట్నుంచి కొలవాలి. ఎవరు కొలుస్తారు?" అన్నాడు దేవకుమార్.

దయాసాగర్ తమ్ముడి వైపు తిరిగాడు. "రేపు నువ్వు కొలువు. నాను పలుకుతాను."

ముగ్గురూ పరదేశి ఇంటికి బయలుదేరారు. రెండు రాశుల నడుమ కుంచం అలాగే ఉంది: నిండుగా, అరచేయి ఒరిసిన నునుపు గింజల మీద నిలిచి, ఏ అంకె పడకుండా.