గంగప్ప చెప్పిన రైట్

"రైట్!" అంటూ గంగప్ప ఫుట్‌బోర్డు మీదికెక్కి తలుపు లాగాడు. మదనపల్లె బస్టాండులోంచి కుప్పం పోయే మొదటి బస్సు కదిలింది. ఈ దారిలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ మాట ఎన్ని వేలసార్లు అన్నాడో అతనికే తెలియదు. 1998 ఆగస్టు ఆఖరి సోమవారం అది. ఈరోజుతో రిటైరు. డ్రైవరు దొరస్వామి పొద్దున్నే అతని మెడలో బంతిపూల దండ వేశాడు.

గంగప్ప పొట్టి మనిషి. సంచి బరువుకు ఎడమ భుజం కొద్దిగా వంగింది. టికెట్లు చించీ చించీ బొటనవేలు గరుకుదేలింది. పదో తరగతిలో ఇంగ్లీషు పోవడంతో చదువు ఆగింది. అప్పట్లో రైట్ అంటే మాస్టరు ఎర్రసిరాతో పెట్టే గుర్తు. అతని పేపర్లో అది అరుదు. కండక్టరయ్యాక రైట్ అంటే 'పోనీ'. ఇరుకు సందుల్లో 'కుడిపక్క'. సోమవారం సోమవారం పుంగనూరులో ఎక్కి కుప్పం బడికి పోయే వాణి టీచరమ్మ ఒకసారి, "హక్కు అని కూడా అర్థముందన్నా," అంది. అది అతనికి నచ్చింది.

పుంగనూరులో వాణి వెనకే కూలిమనిషి కృష్ణమ్మ ఎక్కింది. నిండు చూలాలు, పుట్టింటికి పోతోంది. ఆడవాళ్ల సీట్లో తెల్లచొక్కా కాంట్రాక్టరు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు.

"లేసి ఆయమ్మకు సీటియ్యప్పా," అన్నాడు గంగప్ప.

"టికెట్టు కొన్నా. యాల లేయాల?" కాంట్రాక్టరు దండ వైపు చూశాడు. "రిటైరయితాండావా? ఒక కంప్లైంటు రాసిస్తే నీ పెన్షను యాడ పోతాదో సూడు."

గంగప్పకూ భార్య నారాయణమ్మకూ ఆ పెన్షనే ఆధారం. కృష్ణమ్మ కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.

"దొరస్వామీ, ఇంజను ఆపు. ఈయప్ప లేసేదాకా నేను రైట్ చెప్పను."

దొరస్వామి ఇంజను ఆపేశాడు. వెనకనుంచి ఎవరో, "లెయ్యప్పా, మాకు పనులుండాయి," అన్నారు. మరో నలుగురు గొంతు కలిపారు. కాంట్రాక్టరు గొణుక్కుంటూ లేచాడు. కృష్ణమ్మ రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని కూర్చుంది.

"రైట్!" ఎప్పటికన్నా గట్టిగా అన్నాడు గంగప్ప.

కుప్పంలో కాంట్రాక్టరు ముందుగా బస్టాండు కంట్రోలరు గదిలోకి పోయి కంప్లైంటు కాగితం రాసిచ్చాడు. వెనకే గంగప్ప టికెట్ల లెక్క అప్పజెప్పడానికి వచ్చాడు.

"కడాదినం, రిటైరయ్యే పూట ఇదంతా యాలప్పా? సారీ అని రాసిచ్చేయ్," అన్నాడు కంట్రోలరు.

"రాయను సార్. అది ఆయమ్మ రైట్."

వాకిట్లోంచి వాణి లోపలికొచ్చింది. "నేను సాక్షి సంతకం పెడతాను సార్. నేనేకాదు, బయట చాలామంది ఉండారు."

కిటికీలోంచి ఆ జనాన్ని చూసి కంట్రోలరు కాగితాన్ని మడిచి కాంట్రాక్టరు చేతికే తిరిగిచ్చాడు.

సంచి అప్పజెప్పి, మధ్యాహ్నం మదనపల్లె పోయే బస్సులో గంగప్ప కిటికీ పక్కన ప్రయాణికుడిగా కూర్చున్నాడు. కొత్త కండక్టరు రైట్ అన్నాడు. బస్సు మలుపు తిరిగింది.

కంట్రోలరు బల్ల మీద, సంతకాల పుస్తకం పక్కన, గంగప్ప చొక్కానుంచి తీసి అప్పజెప్పిన ఇత్తడి నంబరు బిళ్ల వెల్లకిలా పడివుంది, దాని పిన్ను తెరుచుకునే ఉంది.