మూడు సెకన్ల ముందు

"ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, ఈ మ్యాచ్ వీడియోలు కాస్త కట్ చేసి పెట్టు" అని మూడేళ్ల కిందట భర్త అన్న మాటతో మొదలైంది ఆమెకు ఈ పని. ఆయన పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లలకు ఫుట్‌బాల్ కోచ్. కాస్త అంటే ఎంతో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. గంటకు పైగా సాగే ఆటను మూడేసి సార్లు చూడాలి, పనికొచ్చే చోట్లు గుర్తుపెట్టుకోవాలి, ఒక్కో పిల్లకూ విడివిడిగా క్లిప్పులు తీయాలి. పొయ్యి మీద కూర మాడకూడదు, అత్తగారి మాత్రల వేళ దాటకూడదు. ఇన్నీ అయ్యాక ఎవరైనా అడిగితే ఆమె ఖాళీగా ఉన్నట్టే లెక్క.

మొదట్లో పిల్లల తప్పుల్నే ఏరి ఇచ్చేది. వాళ్లు అవి చూసి ముఖాలు వేలాడేసేవాళ్లట. అప్పుడు తట్టిందామెకు. బంతి కాలికి అందడానికి మూడు సెకన్ల ముందు బొమ్మ ఆపి, 'ఇప్పుడు నీకేం కనిపిస్తోంది? ఏం చేస్తావు?' అని అడగాలి. కాలు కదిలేలోపే తలలో నిర్ణయం జరిగిపోతుంది కదా! వంటింట్లో నిలబడి, హాల్లో ఎవరికేం కావాలో వాళ్లు నోరు తెరవకముందే పసిగట్టే మనిషికి ఈ సంగతి తట్టడంలో వింతేముంది? నాలుగు నెలల్లో పిల్లలు తలెత్తి చుట్టూ చూసి ఆడటం నేర్చుకున్నారు. ఆయన కోచ్‌ల సమావేశంలో దాన్ని 'నా పద్ధతి' అని చెప్పి వచ్చి, "అందరూ తెగ మెచ్చుకున్నారోయ్, ఒక కాఫీ ఇవ్వు" అన్నారు. ఆమె ఇచ్చింది. ఆ రోజే ఒక మాట అనాల్సింది.

జట్టు ఎంపికకు ముందు రోజు చివరి క్లిప్ మిగిలింది. మధ్యలో ఆడే బక్కపల్చటి పిల్ల, అందరూ పిచ్చుక అని పిలుస్తారు. ఆ పిల్ల ఇచ్చిన పాస్ ఖాళీ చోటుకు పోయి, దానిమీదే అవతలి జట్టు గోల్ కొట్టింది. సరిగ్గా అప్పుడే అత్తగారి స్నేహితురాళ్లు దిగారు. "ఆ బొమ్మలు తర్వాత చూసుకుందువుగాని, ముందు టీ సంగతి చూడమ్మా" అన్నారు అత్తగారు. ఆ హడావుడిలో మూడు సెకన్లు వెనక్కి వెళ్లకుండా, బంతి కాలికి తగిలిన దగ్గర్నుంచే కట్ చేసి పంపేసింది. మర్నాడు జాబితాలో పిచ్చుక లేదు. వాళ్ల నాన్న ఇక ఆటలు చాలన్నాడని ఆ తర్వాత తెలిసింది.

పది రోజులకు, ఇంకో పిల్ల కోసం ఆ మ్యాచే మళ్లీ చూస్తూ ఆమె ఉలిక్కిపడింది. బంతి రాకముందే పిచ్చుక రెండుసార్లు తల తిప్పి చూసింది. ఎడమవైపు పిల్ల చెయ్యెత్తి పరుగందుకుంది. ఆ పరుగు చేరబోయే చోటికే పిచ్చుక పాస్ ఇచ్చింది. పరిగెత్తిన పిల్ల సగంలో ఆగిపోయింది. పిచ్చుక తప్పు లేనే లేదు.

సాయంత్రం ఆయనకు చూపించింది. ఆయన రెండుసార్లు చూశారు.

"పేర్లు పంపేశాం. ఈ ఏడాదికి ఇంతే. ఇప్పుడు కెలికితే నా పరువేం కావాలి?"

"తప్పు నాది కదండీ..."

"నువ్వెందుకు బాధపడతావు? అది కట్ చేసింది నువ్వని ఎవరికి తెలుసు?"

ఓదార్పుగానే అన్నారు. అదే ఎక్కువ గుచ్చుకుంది. మూడేళ్లు మెప్పంతా ఆయనకే పోతుంటే, పోనీలే మనవాళ్లేగా అనుకుంది. ఇప్పుడు తప్పు కూడా ఆయన చాటున పెట్టేసి హాయిగా ఉండొచ్చు. ఒక్క క్షణం ఆశపడింది కూడా, అందుకు సిగ్గుపడింది. పని తనదని చెప్పుకోని మనిషి క్షమాపణ మాత్రం ఎలా చెబుతుంది? తన నోరు తను మూసుకుంటే నష్టం తనొక్కదానికే అనుకుంది ఇన్నాళ్లూ. కాదని ఇప్పుడు తెలిసింది, ఒక పిల్ల ఆట పోయాక.

మర్నాడు మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని పిచ్చుక ఇంటికి వెళ్లింది. వాళ్లమ్మ కుర్చీ వేసింది. ఆట బూట్లు ఎవరికైనా ఇచ్చేయడానికి సంచిలో కట్టి గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. ఆమె పిచ్చుకను పక్కన కూర్చోబెట్టుకుని, మూడు సెకన్ల ముందు బొమ్మ ఆపి, "ఏం కనిపిస్తోందమ్మా?" అంది.

పిల్ల ఆలోచించను కూడా లేదు. వేలు తెర మీద ఎడమవైపు పెట్టింది. "అదిగో ఆంటీ, చెయ్యెత్తింది. అందుకే అటు ఇచ్చా."

"మరి సార్‌కి చెప్పలేదా?"

"చెప్పాను. వీడియోలో లేదుగా అన్నారు."

వాళ్లమ్మ తెర వంకా ఆమె వంకా చూసి, "సార్ పంపారా అండీ మిమ్మల్ని?" అంది.

"లేదండీ. ఆ వీడియోలు చేసేది నేను. మొదట్నుంచీ నేనే. మీ అమ్మాయి చూసి ఇచ్చిన పాస్‌ని చూడకుండా ఇచ్చినట్టు చేసింది కూడా నేనే. రేపు మైదానంలో అందరి ముందూ ఇదే చెబుతాను. ముందు మీకు చెప్పాలని వచ్చాను."