సత్రంలో పదకొండు సెకన్లు

పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చోగానే ఆవిడ ఎడమచేతిలోకి పాత ఆట, కుడిచేతిలోకి కొత్త ఆట తీసుకుంటుంది. రెండింటిదీ ఒకే కథ. ముప్పై ఏళ్ళ కిందట అరచేతిలో పట్టేంత బూడిదరంగు డబ్బాలో వచ్చిన ఆటని, కంపెనీవాళ్ళు ఇప్పుడు రంగులద్ది మళ్ళీ తయారుచేస్తున్నారు. ఎక్కడెక్కడ ఏం మారిందో ఆవిడ పట్టిక రాయాలి. అందుకని ఆఫీసులో అందరూ ఆవిణ్ణి తేడాలమ్మ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆవిడా పలుకుతుంది.

పాతదాంట్లో చెట్టంటే నాలుగు చుక్కలు. కొత్తదాంట్లో ఆకూ ఆకూ ఊగుతుంది. పాత వీరుడిది నత్తనడక, కొత్తవాడు పట్టుకుంటే దొరకడు. పాత రాక్షసుణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కొత్తవాణ్ణి చూస్తే నిజంగానే గుండె ఝల్లుమంటుంది. ఇలా రెండేళ్ళలో రెండువేల పైచిలుకు తేడాలు రాసింది.

పాత డబ్బా ఆవిడ సొంతం. సాయంత్రం సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాల్సిందే, ఎందుకంటే ఇంట్లో చెల్లెలుంది. చెల్లెలికి కీళ్ళ జబ్బు. మధ్యాహ్నానికి వేళ్ళు బిగుసుకుంటాయి, సాయంత్రానికి మంచం దిగలేదు. అక్క రాగానే ఆ డబ్బా పట్టుకుని వీరుణ్ణి మొదటి ఊరి సత్రానికి నడిపిస్తుంది. సత్రం పెద్దమ్మ "అలిసిపోయావు, పడుకో నాయనా" అంటుంది. ఆటలో తెల్లారేసరికి చెల్లెలి నొప్పి పోతుంది. మర్నాటి మధ్యాహ్నం దాకా హాయిగా కుట్టుమిషన్ తొక్కుకుంటుంది. డాక్టరు కూడా చీటీలో మాత్రల కింద "సత్రం, రోజుకోసారి, తిన్నాక" అని రాశాడు.

అలాంటి డబ్బా ఒక సోమవారం తెల్లముఖం వేసింది. బాగుచేసేవాడు విప్పి చూసి పెదవి విరిచాడు.

"లోపలంతా తుప్పే అక్కా. దీని పని అయిపోయింది. ఇలాంటిది ఇంకోటి ఈ ఊళ్ళో లేదు."

పోనీలే, కొత్తది ఉంది కదా అనుకుంది తేడాలమ్మ. పరీక్ష కోసం ఇచ్చిన కాపీ ఇంటికి పట్టుకెళ్ళింది. కొత్త సత్రంలో తివాచీ, పట్టు తెరలు, మంద్రంగా సంగీతం. మీట నొక్కడం ఆలస్యం, 'బలం నిండింది' అని బంగారు అక్షరాలు.

"బొమ్మ భలేగా ఉందక్కా," అంది చెల్లెలు. "నొప్పి మాత్రం అలాగే ఉంది."

మూడు రోజులు చెల్లెలు మూలుగుతూనే ఉంది. అక్కకి ముద్ద దిగలేదు. ఆఫీసులో పట్టికంతా మొదటినుంచీ తిరగేసింది. రెండువందల పద్నాలుగో తేడా దగ్గర కళ్ళు ఆగిపోయాయి.

'వీరుడు పడుకున్నాక పెద్దమ్మ మంచం పక్కన స్టూలు మీద పదకొండు సెకన్లు ఊరికే కూర్చుంటుంది. కాలం వృథా. తీసేయవచ్చు.'

రాసింది ఎవరో కాదు, తనే. ఆ కిందది కూడా తనదే: 'తెల్లారాక పెద్దమ్మ తలుపుదాకా కుంటుతుంది. నడకలో లోపం. సరిచేయాలి.' చెప్పినట్టే సరిచేశారు. పెద్దమ్మనే తీసేసి మీట పెట్టారు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నట్టయింది. ఆ ముసలామె అన్నేళ్ళూ ఆ స్టూలు మీద ఏం చేసిందో, లేచాక ఎందుకు కుంటిందో ఇప్పటికి బుర్రకెక్కింది, ఛీ, ఏం బతుకు నాది అనుకుంది.

ఆట రాసే అబ్బాయి దగ్గరికి వెళ్ళింది. ఏడాది పొడుగునా గళ్ళ చొక్కానే కాబట్టి అతని పేరు గళ్ళచొక్కా.

"పెద్దమ్మని మళ్ళీ పెట్టు బాబూ."

"అమ్మకానికి పెట్టే ఆటలో ఇక వేలు పెట్టనివ్వరు తేడాలమ్మా. కావాలంటే మీ చేతిలో ఉన్న కాపీ ఒక్కదాంట్లో పెడతాను. కానీ ఆవిడ బొమ్మ చెరిపేశాం. స్టూలు మీద ఎవర్ని కూర్చోబెట్టను?"

"నన్ను కూర్చోబెట్టు."

అతను తలెత్తి చూశాడు. "తెలిసే అంటున్నారా?"

"తెలియకుండా రెండువేలు రాశాను. ఇది మాత్రం తెలిసే అంటున్నాను."

ముందునుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు తీశాడు. "కుంటు కూడా పెట్టనా?" అన్నాడు మెల్లగా.

"అది నువ్వు పెట్టక్కర్లేదులే."

ఆ సాయంత్రం కొత్త సత్రంలో వీరుడు పడుకోగానే, చేతిసంచీతో ఒకావిడ వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"అక్కా, ఇది నువ్వే! ఆ ముక్కు అచ్చం నీదే!" చెల్లెలు పకపకా నవ్వింది. మీట ఎంత నొక్కినా ఆట ముందుకి కదల్లేదు. పదకొండు సెకన్లూ గడిచాయి. చెల్లెలి వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మంచం దిగింది, నాలుగడుగులు వేసింది, కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

అక్క మంచినీళ్ళకని లేచి గోడ పట్టుకుంది. వంటగది గుమ్మం దాకా కుంటుతూ వెళ్ళింది.

కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. పాత పెద్దమ్మ నడక చెల్లెలికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"నేను రేపు ఆడను," అంది చెల్లెలు.

"ఆడతావు. నోర్మూసుకుని ఆడతావు."

"వారానికి ఒక్కరోజైనా సెలవు తీసుకో అక్కా."

"సత్రానికి ఆదివారాలేమిటే, పిచ్చిదానా!"

ఇద్దరూ నవ్వబోయారు. ఏడుపొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం నొప్పి చెల్లెలి దగ్గరికి తిరిగెళ్ళి, అక్క కాళ్ళు ఎప్పటిలాగే తేలికపడ్డాయి. సాయంత్రం చూస్తే ఆట కనిపించలేదు. బల్ల మీద లేదు, సొరుగులో లేదు, గుడ్డలమూటలో లేదు. చెల్లెలు మంచం మీద పళ్ళు బిగబట్టి పడుకుని ఉంది. నుదురంతా చెమట.

"ఎక్కడ పెట్టావే?"

"వెతుక్కో. రెండువేల తేడాలు వెతికినదానివి కదా."

అక్క వెతకలేదు. స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.