మట్టి వత్తి

సైట్‌లో మట్టిని పరీక్షించే ఆంజనేయప్రసాద్ గ్లవ్స్ విప్పి, గుప్పెడు మట్టి తీసుకుని అరచేతుల మధ్య నలపసాగాడు. లీడ్స్ శివార్లలో ఎప్పుడో మూతపడిన బొగ్గుగని దిబ్బ అది. చెట్లు నాటేందుకు దాని మీద పరచడానికి తెచ్చిన మంచి మట్టి పక్కనే కుప్పగా ఉంది. రాత్రి కురిసిన వాన చాలదన్నట్టు మళ్లీ జల్లు మొదలైంది. చేతుల్లో మట్టి తెగకుండా సన్నగా సాగింది, అచ్చం దీపపు వత్తిలా. ఇంట్లో భార్య నాగేశ్వరి దెప్పేది ఇందుకే: దేవుడికి రెండు వత్తులు చేసిపెట్టమంటే చేతకాదు గానీ, మట్టితో చేస్తాడట.

"వత్తి అయ్యిందప్పా. ఈ పొద్దు దీన్ని కదిలించేది లేదు."

సైట్ మేనేజర్ శశాంక్ మొహం మాడిపోయింది. "మొక్కలు వచ్చేశాయి అంకుల్. లేటైతే సంచుల్లోనే చిగురేసి చస్తాయి. హెడ్డాఫీసుకి ఏం చెప్పమంటారు?"

"తడిమట్టిని మిషన్ తొక్కితే ఇటుకైపోతాది. వేరు యాడ దిగల్ల?"

ఆయన పక్క దిబ్బ వైపు చూశాడు. పోయినేడు గుండెకు స్టెంట్ వేయించుకుని ఆయన ఇంట్లో ఉన్నప్పుడు, అక్కడ తడిలోనే పని కానిచ్చేశారు. ఇప్పుడు మొక్కలకు కాపుగా పెట్టిన ప్లాస్టిక్ గొట్టాల్లో ఎండుపుల్లలు నిలబడి ఉన్నాయి. వాటిని చూస్తే ఆయనకు ఏడుపొస్తుంది. ఈసారి మాత్రం వదలదలచుకోలేదు.

పార తీసుకుని ఓ మూలనున్న ఇసుకలో తానే కాలువ తవ్వడం మొదలుపెట్టాడు, మొక్కల వేర్లను అందులో కప్పి కొన్నాళ్లు ఆపడానికి. శశాంక్ కాసేపు గింజుకున్నాడు. తర్వాత పార లాక్కుని, "మీరు కూర్చోండి. మీతో పెట్టుకుంటే ఇంతే," అన్నాడు.

సాయంత్రం వెళ్లేముందు ఆ వత్తిని సైట్ క్యాబిన్ కిటికీలో పెట్టాడు ఆంజనేయప్రసాద్. "గాలి తిరగనీ, మట్టి ఆరుతాది. వత్తి రానప్పుడు మొదలుపెడదాం. నేనొచ్చి చూస్తా."

ఆదివారం పొద్దున టీ కలిపి పిలిస్తే ఆయన లేవలేదని నాగేశ్వరి శశాంక్‌కి ఫోన్లో చెప్పింది.

అంత్యక్రియల మర్నాడే హెడ్డాఫీసు నుంచి ఫోన్. ఇంకా దేనికి ఆగడమని అడిగారు. శశాంక్ దిబ్బ దగ్గరికి వెళ్లి మట్టి నలిపాడు. వత్తి సాగింది. "ఈరోజు కదిలించేది లేదు," అని చెప్పేశాడు. వాళ్లు అరిచారు. అరవనిచ్చాడు.

రోజూ నలిపాడు. పొడి తూర్పుగాలి వీచి వీచి, ఒక ఉదయం మట్టి అరచేతిలో పొడిపొడిగా రాలింది. అతనికి దుఃఖం ఆగలేదు. కళ్లు తుడుచుకుని, మిషన్ స్టార్ట్ చేయమని చెయ్యి ఊపాడు.

క్యాబిన్ కిటికీలో ఆ మొదటి వత్తి ఎండి గట్టిపడి ఉంది, మీద ఆంజనేయప్రసాద్ వేలిగీతలతో.